పక్కన పెట్టిన పిడికెడు బియ్యం



ఈ మధ్య మా వార్డులో మోకాలి ఆపరేషన్ చేయించుకున్న ఒక పెద్దాయన డిశ్చార్జి రోజున నన్ను ఆపి ఇలా అడిగారు. "సిస్టరమ్మా, అమెరికాలో ఉన్న మా అబ్బాయి బీద పిల్లలకు సహాయం చేయాలని ‘డోనర్ అడ్వైజ్డ్ ఫండ్’లో డబ్బు వేశాడట. రెండేళ్లయింది. ఎవరికి చేరిందిరా అంటే ఇంకా ఎవరికీ పంపలేదు నాన్నా అంటున్నాడు. ఇదేం కానుకమ్మా?"

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ప్రాంతాల్లోని మన కుటుంబాలలో చాలామంది బిడ్డలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలలో ఉన్నారు. కొందరు ఇక్కడ, కొందరు విదేశాల్లో. కాబట్టి ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదు. తెలిసినవారిని అడిగి నేను నేర్చుకున్న సంగతులు మీ ముందు ఉంచుతున్నాను.

ఈ ఫండ్ అంటే ఏమిటి?

మన తల్లులు అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసేవారు. ఆ బియ్యం ఇక ఇంటివి కావు. ఇంట్లో గింజలు నిండుకున్నా ఆ కుండ జోలికి వెళ్లరు. ఆదివారం నాడు అవి గుడికి చేరవలసిందే.

డోనర్ అడ్వైజ్డ్ ఫండ్ కూడా ఇటువంటిదే. దాత ఒక గుర్తింపు పొందిన ధర్మసంస్థ దగ్గర ఖాతా తెరచి డబ్బు వేస్తాడు. ఆ రోజు నుండి అది ఆ సంస్థ సొమ్ము. తిరిగి తీసుకోవడానికి వీలు లేదు. అర్హత ఉంటే పన్ను మినహాయింపు ఆ సంవత్సరమే వస్తుంది. తరువాత ఫలానా సేవాసంస్థకు ఇంత పంపండి అని దాత సలహా ఇస్తాడు. చివరి నిర్ణయం మాత్రం ఖాతా నడిపే సంస్థదే. అమెరికాలో ఈ పద్ధతి 1931లో న్యూయార్క్‌లో మొదలైంది. 2006లో అక్కడి చట్టంలో దీనికి నిర్వచనం ఇచ్చారు.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. ఖాతాలోని డబ్బు ఇన్నాళ్లలోగా పంచిపెట్టాలని ఆ చట్టం గడువు పెట్టలేదు. కుండలో వేసిన బియ్యం గుడికి చేరకపోతే ఏమవుతుంది? పురుగు పడుతుంది.

పిల్లల వయసు ఆగదు

కొన్నేళ్ల క్రితం వర్షాకాలంలో, ఒక పెద్ద భవనం కడుతున్న చోటి నుండి ఎనిమిదేళ్ల పాపను తీసుకువచ్చారు. తమ్ముణ్ణి చంకనెత్తుకొని తిరుగుతుండగా కాలిలో మేకు దిగింది. కాలు వాచి చీము పట్టింది. గాయం శుభ్రం చేసి, టి.టి. ఇంజక్షన్ ఇచ్చి, కట్టు కట్టాము. బడికి వెళ్తున్నావా అని అడిగితే తల్లి వైపు చూసింది. పాలమూరు వైపు నుండి వలస వచ్చిన ఆ తల్లి, "మేమిద్దరం పనికి పోతే చిన్నోణ్ని ఎవరు చూస్తరమ్మా?" అన్నది.

మూడు రోజుల తరువాత కట్టు మార్చడానికి రమ్మన్నాము. రాలేదు. అక్కడి పని అయిపోయి ఇంకో చోటికి వెళ్లారని తెలిసింది. గాయానికి మందు ఉంది గాని, ఆ పాప పోగొట్టుకున్న తరగతులకు మా ఫార్మసీలో మందు లేదు. మనకు రెండేళ్లు అంటే బ్యాంకు పాసుపుస్తకంలో రెండు పేజీలు. ఆ పాపకు రెండు తరగతులు.

ఇది దయ కాదు, హక్కు

6 నుండి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు అని 2009లో చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైంది. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణ అన్ని పనులకూ నిషేధించింది. బడి వేళలు కాని సమయంలో సొంత కుటుంబానికి సాయపడడం వంటి కొద్ది మినహాయింపులు మాత్రమే ఉన్నాయి.

ఈ మేలు మన దగ్గర ఎలా జరిగిందో చూడండి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన శాంతా సిన్హా గారు, 1981లో స్థాపించిన ఎం.వి. ఫౌండేషన్ ద్వారా 1991 నుండి రంగారెడ్డి జిల్లా గ్రామాల్లో వెట్టిలో ఉన్న పిల్లలను బడికి చేర్చే పని చేపట్టారు. బడికి వెళ్లని ప్రతి బిడ్డా బాలకార్మికుడే అన్నది వారి సిద్ధాంతం. పని మాన్పించిన పిల్లలను బ్రిడ్జి క్యాంపులలో ఉంచి, వయసుకు తగిన తరగతికి సిద్ధం చేసి, ప్రభుత్వ బడిలో చేర్పించేవారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసె అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు తొలి అధ్యక్షురాలయ్యారు.

ఒక్క రోజు పంచే బిస్కెట్లు, దుప్పట్లు మంచివే. కాని బిడ్డను బడిలో చేర్చి, ఏడాది పొడవునా కనిపెట్టుకొని ఉండేవారికి క్రమంగా అందే డబ్బు అవసరం.

పంపే ముందు చూసుకోవలసినవి

1. అమెరికా ఫండ్ నుండి వచ్చేది విదేశీ విరాళం. తీసుకునే సంస్థకు ఎఫ్.సి.ఆర్.ఎ. రిజిస్ట్రేషన్, స్టేట్ బ్యాంకు న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తరువాత అలా వచ్చిన డబ్బును మరొక సంస్థకు ఇవ్వరాదు. అందుచేత పిల్లల మధ్య స్వయంగా పనిచేసే సంస్థనే ఎంచుకోవాలి. అక్కడి ఫండ్ వారు కూడా విచారణ చేస్తారు గనుక ముందే అడగమని మీ బిడ్డలకు చెప్పండి.

2. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు సొంత పొదుపులోంచి బ్యాంకు ద్వారా నేరుగా ఇచ్చేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకుంటే, ఓ.సి.ఐ. కార్డు ఉన్నా అది విదేశీ విరాళమే.

3. మన దేశ చట్టంలో ఈ ఫండ్ పేరుతో ప్రత్యేక ఏర్పాటు లేదు. కాని కొన్ని కంపెనీలలో ప్రతి నెలా జీతం నుండి కొంత విరాళంగా మళ్లించే సౌకర్యం ఉంది. 80జి గా మనకు అలవాటైన పన్ను మినహాయింపు కొత్త పన్ను విధానంలో ఉన్నవారికి రాదు. పాత విధానంలో ఉన్నా, 2,000 రూపాయలు మించి నగదుగా ఇస్తే రాదు.

4. పిల్లల ఆశ్రమానికి ఇస్తుంటే, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం కింద రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగండి. అడగడం అవిశ్వాసం కాదు, అది గృహనిర్వాహకత్వం. ఆశ్రమంలోని పిల్లల ముఖాలను, పేర్లను దాతల కోసం బయటపెట్టే చోట జాగ్రత్త పడండి.

చివరిగా ఒక మనవి

ఆ పెద్దాయనతో నేను ఒక్కటే చెప్పాను. "అయ్యా, మీ అబ్బాయి మంచి పనే చేశాడు. కాని సగమే చేశాడు. ఏటా కోత పండుగ నాటికి ఆ కుండ దించమనండి." ఆయన నవ్వి, ఆ రాత్రే ఫోను చేస్తానన్నారు.

ఫండ్ లేనివారు మాకేం పని అనుకోవద్దు. బీద విధవరాలు వేసిన రెండు కాసులను ప్రభువు చూశాడు. హోటల్లో గిన్నెలు కడిగే బిడ్డ, ఇటుకలు మోసే బిడ్డ మీ కంటబడితే 1098 కి ఫోను చేయండి. అది ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది. ఆ కట్టు మార్పించుకోకుండా వెళ్లిపోయిన పాపను, ఆమె వంటి బిడ్డలను మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి.

– నర్సింగ్ సూపరింటెండెంట్