పరారుణ కాంతికి నానో ఆంటెన్నాలను శ్రుతిచేయుట

గంజాం మండలమున ఛత్రపురం తీరపు ఇసుకనుండి ఐ.ఆర్.ఇ.ఎల్. సంస్థ ఇల్మనైటు, మోనజైటు మున్నగు ఖనిజములతోపాటు రూటైలును వేరుచేయుచున్నది. రూటైలు టైటానియము యొక్క ఆక్సైడు. కాంతిని మిక్కిలిగా వంచు గుణము దీనికి కలదు. అట్టి గుణము లోహపు నానో ఆంటెన్నాల శ్రుతిని ఎట్లు మార్చునో ఇచట వివరింతము.

నానో ఆంటెన్నా యనగా పారదర్శకమగు పీఠముపై తీర్చిన సన్నని బంగారు కడ్డీ. దాని పొడవు కాంతి తరంగదైర్ఘ్యములో సగమునకు సమీపించినపుడు, అందలి ఎలక్ట్రానులు ఆ కాంతితో అనునాదము పొందును. కడ్డీ కొనలయందు విద్యుత్ క్షేత్రము తీవ్రమగును. వీణతీగను మెట్టుపై నొక్కి పొట్టిచేసినపుడు స్వరము హెచ్చినట్లే, కడ్డీ పొట్టియైనకొలది అనునాద తరంగదైర్ఘ్యము తగ్గును.

దీని ప్రయోజన మేమి? ప్రతి అణుబంధమునకు తనదగు కంపనము కలదు. కార్బన్, హైడ్రోజనుల బంధము సుమారు 3.4 మైక్రానుల పరారుణ కాంతిని గ్రహించును. ఆంటెన్నాను అచటికే శ్రుతిచేసినచో, మిక్కిలి స్వల్పమగు పదార్థము సైతము పట్టువడును. 2008లో ఫ్రాంక్ న్యూబ్రెక్ ప్రభృతులు ఒక్కొక్క బంగారు కడ్డీపై నున్న ఒక అట్టోమోలుకంటె, అనగా సుమారు 6,00,000 అణువులకంటె, తక్కువ పదార్థమును ఈ విధమున గుర్తించిరి.

అయితే పొడవొక్కటియే చాలదు. కడ్డీ చుట్టునున్న క్షేత్రము కొంత గాలియందును, కొంత పీఠమునందును వ్యాపించును. కావున గాలి, పీఠముల వక్రీభవన గుణకముల వర్గములకు సగటు కట్టి, దాని వర్గమూలముతో సగము తరంగదైర్ఘ్యమును భాగింపవలెను. 3.4 మైక్రానులలో సగము 1,700 నానోమీటర్లు. కాల్షియం ఫ్లోరైడు గుణకము 1.4; భాజకము 1.22, పొడవు సుమారు 1,390 నానోమీటర్లు. రూటైలు గుణకము సుమారు 2.4; భాజకము 1.84; పొడవు సుమారు 920 మాత్రమే.

మొదటి పీఠమునకు లెక్కించిన కడ్డీనే రూటైలుపై తీర్చినచో, అనునాదము 5 మైక్రానులు దాటిపోవును. వెదకుచున్న కంపనము తప్పిపోవును. ఇసుకరేణువు పీఠము కాజాలదు. మెరుగుపెట్టిన స్ఫటికము వలయును.

ఈ గణితము తొలి అంచనా మాత్రమే. పరారుణమునందు బంగారము పరిపూర్ణ వాహకము కాదు; కడ్డీ మందమును, కొనల ఆకారమును బట్టి పొడవు మరికొంత తగ్గును. ఎలక్ట్రానుల జడత్వము వలన కలుగు ఈ సవరణను 2007లో లూకాస్ నొవొట్నీ సూత్రబద్ధము చేసెను. కావున వేర్వేరు పొడవుల కడ్డీలను వరుసగా తీర్చి, ప్రతిదాని వర్ణపటమును పరిశీలించి, తగినదానిని ఎన్నుకొనుట ఉత్తమ మార్గము. వైణికుడు సైతము తుదకు చెవినే నమ్మును గదా!