పటరచన స్క్రిప్టు (పాఠ్య ఆటలు)

పటరచన స్క్రిప్టు అనగా పాఠ్య ఆధారిత ఆన్‌లైన్ ఆటలలో ఆటగాడు తిరిగిన చోట్లకు తనంతట తానే పటమును గీసే చిన్న ప్రోగ్రాము. దీనిని ఆటో మ్యాపర్ అని కూడా అంటారు. ఇటువంటి ఆటలకు మడ్ (మల్టీ యూజర్ డంజన్) అని పేరు. వీటిలో ప్రతి స్థలమును "గది" అంటారు; వీధి, అడవి, నదీతీరము కూడా గదులే. గది పేరు, వర్ణన, బయటకు పోయే దారులు అక్షరాలలోనే కనబడతాయి. ఆటగాడు దిక్కు పేరు టైపు చేసి ముందుకు సాగుతాడు.

చరిత్ర

విల్ క్రౌథర్ 1970ల మధ్యలో అమెరికాలోని మామత్ గుహల ఆధారంగా "కొలోసల్ కేవ్ అడ్వెంచర్" అను ఆటను వ్రాశాడు. ఆయన స్వయముగా గుహలకు పటాలు తయారుచేసినవాడు. ఆ ఆటలో ఒకే వర్ణన గల గదులతో కూడిన చిక్కుదారి ఒకటి ఉన్నది. ఏది ఏ గదో గుర్తించుటకు ఆటగాళ్ళు గదికొక వస్తువును వదలి, కాగితముపై పటము గీసుకొనేవారు. ఇది ఒక్కరే ఆడే ఆట. పలువురు కలసి ఆడే మడ్‌ను రాయ్ ట్రబ్‌షా 1978లో ఇంగ్లాండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయములో ప్రారంభించగా, రిచర్డ్ బార్టిల్ దానిని కొనసాగించాడు. 1990లలో జీమడ్ వంటి క్లయింట్ ప్రోగ్రాములు పటరచనను ఆటగాడి కంప్యూటరుకు అప్పగించాయి. మడ్‌లెట్ ఉచిత సాఫ్ట్‌వేరు. దీనిలో స్క్రిప్టులను లువా భాషలో వ్రాస్తారు.

పనిచేయు విధానము

స్క్రిప్టు ప్రతి గదికి ఒక సంఖ్యను, మూడు నిరూపకాలను ఇస్తుంది. ఉత్తరమునకు కదలితే ఒక నిరూపకము, తూర్పునకు కదలితే మరొకటి, మేడ ఎక్కితే మూడవది మారుతుంది. గదులు బిందువులుగా, దారులు వాటిని కలిపే గీతలుగా ఏర్పడిన ఈ అల్లికను గణితములో గ్రాఫు అంటారు. పటము సిద్ధమైన పిదప రెండు గదుల మధ్య దగ్గరి దారిని కంప్యూటరే వెదకి ఇవ్వగలదు.

అమర్చుకొను విధానము

మడ్‌లెట్‌తో పాటు సాధారణ పటరచన స్క్రిప్టు ఒకటి లభిస్తుంది. దానిని ఈ క్రమములో అమర్చుకొనవచ్చును:

1. ఆట పంపే ప్రాంప్టు పంక్తిని స్క్రిప్టుకు గుర్తు చేయవలెను.
2. దారులు తెలిపే పంక్తిని స్క్రిప్టు గుర్తిస్తున్నదో లేదో చూడవలెను. దాని ఆధారంగానే గది పేరు తెలుస్తుంది.
3. "స్టార్ట్ మ్యాపింగ్" ఆదేశమునకు ప్రాంతము పేరు చేర్చి ఇవ్వవలెను.
4. కదలిక విఫలమైనపుడు ఆట పంపే వాక్యాలకు ట్రిగ్గర్లు వ్రాయవలెను.

ఉదాహరణ

నాలుగవ మెట్టును చాలామంది విడిచిపెడతారు. దాని ఫలితమును ఊహాత్మకమైన ఒక ఆటతో చూడవచ్చును. చంపావతి నది సమీపములో, హౌరా - చెన్నై రైలు మార్గముపై ఉన్న నెల్లిమర్ల ఆ ఆటకు నేపథ్యమనుకొందాము. ఇందలి దిక్కులు కల్పితాలు.

ఆటగాడు రైల్వే స్టేషను వద్ద ఉన్నాడు. జూట్ మిల్లుకు పోవుటకు "తూర్పు" అని టైపు చేశాడు. "రైల్వే గేటు వేసి ఉన్నది" అని జవాబు వచ్చినది. అతడు కదలలేదు, కాని స్క్రిప్టు ఆ ఆదేశమును వరుసలో ఉంచుకొని కొత్త గది కొరకు ఎదురుచూస్తున్నది. తరువాత "ఉత్తరం" అని టైపు చేసి సంతకు చేరాడు. స్క్రిప్టు సంతను పాత ఆదేశమునకు జతచేసి, స్టేషనుకు తూర్పున గీసినది. అక్కడి నుండి నది ఒడ్డు వరకు ప్రతి గది ఒక అడుగు తప్పుగానే పడుతుంది.

గేటు వాక్యము రాగానే కదలిక విఫలమైనదని స్క్రిప్టుకు తెలిపే ట్రిగ్గరు ఉంటే వరుసలోని ఆదేశము తొలగిపోయి పటము సరిగా నిలుస్తుంది. టైపు చేసిన మాటను కాక, ఆట ఇచ్చిన జవాబును నమ్ముట పటరచనకు మూలసూత్రము.

పరిమితులు

ఒకే పేరు, ఒకే దారులు గల గదులను అక్షరాల ఆధారంగా వేరుచేయుట కష్టము. జీఎంసీపీ పద్ధతిని అనుసరించే పలు ఆటలు గది సంఖ్యను విడిగా పంపుతాయి కనుక వాటిలో ఈ చిక్కు తక్కువ. తెలుగులో వ్రాసిన ఆటకు మరొక జాగ్రత్త అవసరము. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పడతాయి; క్లయింటులో ఆ సంకేత పద్ధతిని ఎంచుకొననిచో గది పేర్లు చెడిపోతాయి. "స్టేషను", "స్టేషన్" అని రెండు విధాలుగా వ్రాసినా స్క్రిప్టు వాటిని రెండు గదులుగానే లెక్కిస్తుంది.