చిగురు ఎరుపెంత?

మామిడి చిగురుది ఏ రంగు? రాగి రంగని ఒకరు, ఎరుపని ఇంకొకరు, వంగపండు ఛాయ అని మరొకరు చెబుతారు. ముగ్గురూ చూసింది ఒకే కొమ్మ. మీద పడే వెలుతురు మారినా, చూసే కన్ను మారినా రంగు మారిపోతుంది. మరి చూసేది కోతి అయితే? ముదురాకుల నడుమ ఆ చిగురు దాని కంటికి ఆనుతుందా? ఇది తేలాలంటే ఎవరి కంటి మీదా ఆధారపడకుండా రంగును కొలిచే సాధనం కావాలి. స్పెక్ట్రోమీటర్ అలాంటిది. అది ప్రయోగశాల దాటి అడవి దాకా రావడానికి మూడు శతాబ్దాలకు పైగా పట్టింది.

1666లో న్యూటన్ గాజు పట్టకంతో తెల్లని కాంతిని ఏడు రంగులుగా విడదీశాడు. 1814లో జర్మనీకి చెందిన ఫ్రాన్‌హోఫర్ పట్టకానికి దూరదర్శినిని జతచేసి, సూర్యుడి వర్ణపటంలో వందల కొద్దీ నల్లని గీతలను గుర్తించాడు. ఆ తర్వాత సన్నని తీగలను దగ్గర దగ్గరగా బిగించి గ్రేటింగ్ తయారుచేశాడు. దాంతో రంగుల తరంగదైర్ఘ్యాలను నేరుగా కొలవడం సాధ్యమైంది. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలోని ఎంఐటీలో ఆర్థర్ హార్డీ, రంగును తనంతట తానే కొలిచి గ్రాఫు గీసే యంత్రాన్ని రూపొందించాడు. అయితే అది కదలని భారీ పరికరం. ఆకును కోసి దాని దగ్గరికి తీసుకెళ్లాలి, ఈలోగా ఆకు వాడిపోతుంది. అందుకే అడవిలో తిరిగేవాళ్లు రంగుల అట్టలు పట్టుకుని, పండు పక్కన పెట్టి, కంటితోనే పోల్చి రాసుకునేవారు. అంటే ఆ లెక్కలోనూ మనిషి చూపే ఉండేది.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన, కాంతిని విద్యుత్ సంకేతంగా మార్చే సీసీడీ చిప్ పరిస్థితిని మార్చింది. వర్ణపటాన్ని ముక్కముక్కగా తిప్పి చూసే అవసరం తప్పింది. విడివడిన కాంతినంతా చిప్ ఒకేసారి అందుకుంటుంది. దానికి ఆప్టికల్ ఫైబర్ తోడవడంతో 1990లలో చేతిలో పట్టే స్పెక్ట్రోమీటర్లు వచ్చాయి.

వీటి పనితీరు చూద్దాం. ముందు కాంతి చొరబడకుండా ఫైబర్ కొన మూసి ఒక రీడింగ్ తీస్తారు. కాంతి లేకున్నా చిప్ ఇచ్చే దొంగ సంకేతం అందులో తెలిసిపోతుంది. తర్వాత పడిన కాంతిని దాదాపు పూర్తిగా తిప్పికొట్టే తెల్లని బిళ్ల మీద దీపం వేసి కొలుస్తారు. ఆఖరున అదే దీపం కింద ఆకును పెట్టి, ఫైబర్‌ను ఏటవాలుగా పట్టుకుంటారు. నిటారుగా పడితే ఆకు నిగనిగ కూడా రంగుతో కలిసిపోతుంది. మొదటి రీడింగ్‌ను మిగిలిన రెండింటిలోనూ తీసేసి, ఆకు అంకెను బిళ్ల అంకెతో భాగిస్తే ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఆకు ఎంత కాంతిని తిప్పికొడుతుందో చూపే గీత మిగులుతుంది; అదే ఆకు సొంత గుణం. చెట్టు కింద వెలుతురు పచ్చగా ఉన్నా, ఎండ మండిపోతున్నా ఆ గీత మారదు.

ముదురాకు గీతలో 550 నానోమీటర్ల దగ్గర చిన్న మూపురం కనిపిస్తుంది. పత్రహరితం నీలాన్ని, ఎరుపును పీల్చుకుని ఆకుపచ్చను కొంత వదిలేయడమే దానికి కారణం. ఎర్ర చిగురులో పత్రహరితం తక్కువ. ఆంథోసయనిన్ అనే వర్ణకం ఆకుపచ్చను పీల్చేస్తుంది. దాంతో మూపురం అణగి, 600 దాటాక గీత పైకి లేస్తుంది.

ఇప్పుడు కోతి కన్ను లెక్కలోకి వస్తుంది. ఆఫ్రికా కోతుల కంటిలో మనలాగే రంగును పసిగట్టే శంకు కణాలు మూడు రకాలుంటాయి. ఇవి సుమారు 430, 530, 560 నానోమీటర్ల దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. ఆకు గీతకు అడవి వెలుతురును, ఈ కణాల స్పందనను కలిపి లెక్కిస్తే కోతి కంటికి అందే తేడా ఎంతో తేలుతుంది.

ఎర్రని పండ్లను పోల్చుకోవడానికే మూడు రంగుల చూపు వచ్చిందనే ఊహ పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. శాస్త్రవేత్తలు పీటర్ లూకస్, నథానియల్ డొమినీ ఉగాండాలోని కిబాలే అడవిలో చింపాంజీలనూ మూడు జాతుల కోతులనూ గమనించి, అవి తినే పండ్లనూ ఆకులనూ కొలిచారు. 2001లో ‘నేచర్’ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. పండ్లను నీలం–పసుపు తేడాతోనూ గుర్తుపట్టవచ్చు. ఎరుపు–ఆకుపచ్చ తేడా అక్కరకొచ్చేది లేతాకుల దగ్గర. ఎర్రబారిన ఆకుల్లో ప్రోటీన్ ఎక్కువ, గట్టిదనం తక్కువ. పండ్లు దొరకని రోజుల్లో ఆ తిండి ప్రాణం నిలబెడుతుంది. దక్షిణ అమెరికా అడవుల్లో పండ్లను కొలిచినవారు మాత్రం పండ్ల వాదానికి బలం చేకూర్చారు. ఈ చర్చ ఇంకా సాగుతోంది. కానీ ఇప్పుడు వాదించుకునేది కొలిచిన గీతల మీద.

ఒక చిగురు గీతను భద్రపరిస్తే, రేపు దాన్నే పక్షి కంటికి సరిపోయేలా మళ్లీ లెక్కించవచ్చు. చాలా పక్షులకు నాలుగు రకాల శంకు కణాలు ఉంటాయి, వాటిలో కొన్నింటికి మనకు కనిపించని అతినీలలోహితమూ కనిపిస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా తోచే కొన్ని మడగాస్కర్ లెమూర్ల కోసమూ అదే గీతతో లెక్క వేయవచ్చు. మన కన్నే కొలబద్ద అనుకున్నంతకాలం అడవి గురించి మనం రాసుకున్నది మన చూపు గురించే. ఆ హద్దు దాటించినందుకే ఈ చిన్న యంత్రం నాకు గొప్పదిగా తోస్తుంది.