ఉదయము నడచి సాయంకాలము నడువలేని బిడ్డ

ఒక బాలికను మనస్సున ఊహించుకొందము. వయస్సు ఆరేండ్లు. ఉదయమున లేచి, పుస్తకముల సంచి తానే తగిలించుకొని, తోడిపిల్లలతో నడచి బడికి వచ్చును. ప్రార్థనవేళ వరుసలో నిటారుగా నిలుచును. మధ్యాహ్నభోజనము ముగియునప్పటికి ఎడమపాదము లోపలికి తిరుగును. మడమ నేలకు ఆనదు. కడపటి గంట మ్రోగునప్పటికి గోడ పట్టుకొనిగాని గది దాటలేదు. తండ్రి భుజము మీద ఇల్లు చేరును. రాత్రి నిద్రించి లేచిన పిదప మరల నడచును.

ఇట్టి బిడ్డను గూర్చి పెద్దలు ఏమందురు? “పొద్దున పరుగెత్తిన పిల్లకు ఇప్పుడేమి వచ్చినది? అంతా వేషము” అందురు. నాయనమ్మ దిష్టి తీయును. ఇరుగుపొరుగువారు గారాబము ఎక్కువయినదందురు. ఉపాధ్యాయులమైన మేమును ఇట్టి మాట తొందరపడి అనువారమే. ఆ బాలిక మాత్రము ఏమి చెప్పగలదు? ఉదయము తన మాట వినిన కాలు సాయంకాలము ఏల వినదో ఆమెకు తెలియదు. నడువలేకపోవుట ఒక కష్టము. అబద్ధమాడుచున్నావను నింద దానికి తోడగు రెండవ కష్టము.

వేషము కాని అట్టి రోగము ఒకటి కలదు. అది మిక్కిలి అరుదు. సుమారు పదిలక్షల మందికి ఒకరికి కలుగునని లెక్క. అరుదైన దానిని గూర్చి మన పాఠశాల వార్షిక సంచికలో ఏల వ్రాయవలెనని తల్లిదండ్రులు అడుగవచ్చును. మెదడు సంబంధమైన చలనరోగములలో మందుతో చక్కబడునవి కొలది. వానిలో ఇది యొకటి. దీనిని కనిపెట్టుటకు మొదటి ఆధారము పెద్ద యంత్రముల వలన గాక, ఇంటిలో తల్లి చూచిన చూపు వలన దొరకును. అందుచేత వ్రాయుచున్నాము.

నడచునది కాలే యైనను నడిపించునది మెదడు. మెదడు లోతట్టున బేసల్ గాంగ్లియా అను కణసమూహములు కలవు. ఏ కండరము ఎంత బిగియవలెనో, దాని కెదురుగా పనిచేయు కండరము ఎంత సడలవలెనో కుదుర్చుటలో వీనికి ముఖ్యమైన పాలు గలదు. ఈ పనికి డోపమైన్ అను ద్రవ్యము కావలెను. మనము తిను ఆహారమునుండి లభించు టైరోసిన్ అను పదార్థమును శరీరము మొదట డోపాగాను, పిదప డోపమైన్‌గాను మార్చుకొనును. మొదటి మార్పునకు టెట్రాహైడ్రోబయాప్టెరిన్ అను సహాయకద్రవ్యము ఉండితీరవలెను. అది చాలినంత తయారుకానిచో డోపమైన్ కొరవడును. అప్పుడు ఎదురెదురుగా పనిచేయు కండరములు రెండును ఒక్కసారిగా బిగిసి, పాదమో చేయియో మెలిపడును. ఈ మెలికకే వైద్యులు డిస్టోనియా అని పేరిడిరి.

వేసవిలో ఏటి ఇసుకలో త్రవ్విన చెలమను చూచినవారికి ఈ రోగపు తీరు సులభముగా బోధపడును. రాత్రి ఊరిన నీరు తెల్లవారునప్పటికి నిండుగా నుండును. నాలుగు కడవలు ముంచినంతనే అడుగు కనబడును. మరల ఊరుటకు వ్యవధి కావలెను. ఈ బిడ్డల మెదడులో డోపమైన్ ఊట సన్ననిది. నిద్రలో కొంత కూడును. పగటి ఆటపాటలతో తరిగిపోవును. ఉదయమునకును సాయంకాలమునకును గల తేడాకు పండితులు చెప్పు కారణమిది.

ఈ రోగమును స్పష్టముగా గుర్తించి వర్ణించినవారు జపానుదేశపు బాలల నాడీవైద్యులు మసాయా సెగవాగారు. వారు 1971లో మొదట తమ దేశమునందును, 1976లో ఆంగ్లభాషలోను దీనిని ప్రకటించిరి. వారి పేరిటనే దీనిని సెగవా వ్యాధి అందురు. లక్షణములు సాధారణముగా ఆరేండ్ల ప్రాయమున, తరచుగా ఒక పాదముతో ఆరంభమగును. బాలురకంటె బాలికలలో ఎక్కువగా కనబడును. తెలివికి సాధారణముగా లోటుండదు. 1994లో జపాను పరిశోధకులే దీనికి మూలమైన జన్యువును కనుగొనిరి. ఆ సహాయకద్రవ్యపు తయారీలో మొదటి మెట్టును నడుపు ఎంజైమునకు సంబంధించిన జన్యువు అది.

ఇచ్చట ఒక మాట నొక్కి చెప్పవలసియున్నది. ఈ లోపము తల్లిదండ్రులలో ఎవరో ఒకరినుండి రావచ్చును; వారికి జీవితమంతయు ఏ లక్షణమును కనబడకపోవచ్చును. ఒక్కొక్కప్పుడు బిడ్డయందే క్రొత్తగా ఏర్పడవచ్చును. గర్భిణిగా నున్నప్పుడు తల్లి గ్రహణము చూచినందువలన గాని, పథ్యము తప్పినందువలన గాని కలుగునది కాదు. కోడలిని నిందించుటకు ఇందులో ఆవగింజంత ఆధారమైనను లేదు.

ఇక మందు సంగతి. శరీరము తయారుచేసుకొనలేని డోపాను బయటినుండి ఇచ్చినచో, మెదడు దానిని డోపమైన్‌గా మార్చుకొనగలదు. ఆ మందు పేరు లెవోడోపా. వృద్ధులకు వచ్చు పార్కిన్సన్ వ్యాధికి వాడునదియు ఇదియే. సెగవా వ్యాధి గల బిడ్డకు మిక్కిలి తక్కువ మోతాదు చాలును. పలువురిలో కొలది దినములలోనే గుణము కనబడును. ఏండ్లు గడచినను ఆ గుణము సాధారణముగా తగ్గదు. మందు ఆయుష్కాలము వాడవలెను. ఇది మనదేశమున దొరకునదే. ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అత్యావశ్యక ఔషధముల పట్టికలోను కలదు.

మన పల్లెల కంచెలమీద ప్రాకు దూలగొండి గింజలలో ఈ ద్రవ్యము సహజముగా నున్నది. 1937లో మదరాసునందు దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు ఆ గింజలనుండి దీనిని వేరుచేసి ప్రకటించిరి. అట్లని ఇంటిలో గింజలు నూరి బిడ్డకు పట్టరాదు. ఒక గింజకును మరియొక గింజకును మోతాదు ఒకటి కాదు. వికారము, వాంతులు, ఇతర ప్రమాదములు కలుగవచ్చును. వైద్యుడు కొంచెముగా ఆరంభించి, బిడ్డను చూచుచు పెంచవలసిన మందు ఇది.

ఇంత సులభమైన చికిత్స గలదయ్యు, ఈ బిడ్డలలో కొందరు ఏండ్ల తరబడి వేరొక రోగపు పేరుతో జీవింతురు. ఆ పేరు సెరిబ్రల్ పాల్సీ. పుట్టుకకు ముందో, పుట్టుకవేళనో, పసితనముననో మెదడునకు కలిగిన దెబ్బవలన అది వచ్చును. దెబ్బ ఒకసారి తగిలినదే, అది పెరుగదు. సెగవా వ్యాధి యట్లు కాదు. పలుమారులు కాన్పు సుఖముగా జరిగియుండును, మెదడు స్కానులో లోపము కనబడదు, ఏడాదికేడాది నడక చెడుచుండును. అన్నిటికంటె ముఖ్యముగా ఉదయ సాయంకాలములకు తేడా యుండును. అలసినచో ఏ బిడ్డకైనను నడక కొంత తడబడును గదా యనవచ్చును. నిజమే. కాని ఉదయము పరుగెత్తి రాత్రి నిలువలేకపోవునంతటి తేడాను, కునుకు తీసి లేచినంతనే తేరుకొనుటను అలసట యని త్రోసివేయరాదు.

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగిన యొక యథార్థము చెప్పెదము. 1996లో పుట్టిన కవలలు, ఒక బాలిక, ఒక బాలుడు. రెండేండ్ల వయస్సున వారికి సెరిబ్రల్ పాల్సీ అని వైద్యులు నిర్ణయించిరి. కాని కూతురు నిద్ర లేచినప్పుడు మెరుగుగా నుండి, ప్రొద్దుగూకునప్పటికి క్షీణించుట తల్లి కనిపెట్టుచుండెను. 2002లో ఇట్టి మరియొక బాలికను గూర్చి ఒక పాత వార్తాపత్రికలో వచ్చిన వ్యాసము ఆమె కంటబడెను. ఆ వ్యాసము పట్టుకొని నిపుణుని వెదకికొని పోయెను. లెవోడోపాతో బాలిక కోలుకొనెను. బాలునికిని మేలు జరిగెను.

కొన్నేండ్లకు ఆ బాలికకు ఊపిరి తీయుట కష్టమయ్యెను. 2010లో హూస్టన్ నగరమందలి బేలర్ వైద్యకళాశాలలో కవలల జన్యువులనన్నిటిని పరిశీలించిరి. వారిది సెగవా వ్యాధికి తోబుట్టువు వంటి మరియొక లోపమని తేలెను. సహాయకద్రవ్యపు తయారీలో వేరొక మెట్టు తప్పినది; తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి దోషము కలిసివచ్చినది. డోపమైన్‌తో పాటు సెరటోనిన్ అను ద్రవ్యము కూడ తక్కువయినదని తెలిసి, దానికిని మందు చేర్చిరి. బాలిక మరల పరుగుపందెములలో పాల్గొనగలిగెను. ఈ వృత్తాంతము 2011లో శాస్త్రపత్రికయందు ప్రకటింపబడినది. జన్యుపరీక్ష వచ్చుటకు ముందే దారి చూపినది ఆ తల్లి గమనించిన ప్రొద్దుల తేడాయే.

మనమేమి చేయవలెను? బిడ్డ నడకలో మార్పు కనబడినచో ఒక నోటుపుస్తకము పెట్టుకొనవలెను. నిద్ర లేచినంతనే ఎట్లున్నది, మధ్యాహ్నమెట్లున్నది, పడుకొనుటకు ముందెట్లున్నది, పగలు కునుకు తీసిన పిదప ఎట్లున్నది, తేదీతో వ్రాయవలెను. నేడు చాలమంది ఇండ్ల చేతిఫోను గలదు. ఉదయము పది అడుగులు, సాయంకాలము పది అడుగులు అదే గదిలో నడిపించి వీడియో తీయవలెను. వైద్యుడు ఉదయమే బిడ్డను చూచినచో రోగము ఆయన కంటబడకపోవచ్చును. వీడియో సాయంకాలమును ఆయన బల్లమీదికి తెచ్చును. ఆ పిదప “లెవోడోపా ఇచ్చి చూడదగునా?” అని మర్యాదగా అడుగుటలో తప్పులేదు. బెంగుళూరిలోని నిమ్‌హాన్సు, వేలూరిలోని క్రైస్తవ వైద్యకళాశాల వంటిచోట్ల నాడీవైద్య విభాగములు కలవు.

పొరుగు భాషల నడుమ తరతరములుగా నివసించు మనకు మరియొక జాగ్రత్త కావలెను. తల్లి తెలుగున చెప్పును. వైద్యుడు అరవముననో, కన్నడముననో, ఒడియాలోనో, మరాఠీలోనో వినును. నడుమ మాట చెప్పు బంధువు “కాలు సరిగా లేదు” అని ఒక్క ముక్కలో ముగించును. “ఉదయము బాగుండును” అను మాట అందులో జారిపోవును. ఆ మాటయే మందునకు దారి. కావున తల్లి చెప్పినదంతయు చెప్పు మనిషిని వెంట తీసికొని పోవలెను.

అయితే ఆశను అతిగా పెంచుట మా యుద్దేశము కాదు. నడక తప్పిన బిడ్డలందరికిని ఈ రోగముండదు. సెరిబ్రల్ పాల్సీ అని నిర్ణయమైన వారిలో మిక్కిలి హెచ్చుమందికి ఆ నిర్ణయమే సరియైనది. వారికి లెవోడోపా నడక నీయదు. అట్టి బిడ్డల కుటుంబములు వారమునకొక ఊరు, నెలకొక వైద్యుడు అని తిరిగి ఆస్తి కరగించుకొనరాదు. ఒకసారి శ్రద్ధగా అడిగి, సమాధానము తెలిసికొని, పిదప బిడ్డ బ్రతుకును తీర్చు పనికి పూనుకొనవలెను. అంగసాధన, తగిన కుర్చీ, చేతికర్ర, చదువు — ఇవియు చికిత్సలే.

చదువునకు చట్టము తోడున్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సెరిబ్రల్ పాల్సీని గుర్తించినది. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము ధ్రువపడిన బిడ్డకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచితవిద్య హక్కుగా నిచ్చినది. పరీక్షలలో అదనపు కాలము, వ్రాసిపెట్టు సహాయకుడు, అవసరమైనచో రెండవ, మూడవ భాషలనుండి మినహాయింపు అందు పేర్కొనబడినవి. ఈ కడపటి సదుపాయమును మనవారు ఆలోచించి వాడుకొనవలెను. భారము తగ్గింపవలసివచ్చినప్పుడు, ఇంటిలో తల్లితో మాటలాడు తెలుగునే ముందుగా తీసివేయుట సులభముగా తోచును. కాని కాలు సాగని బిడ్డకు మాటయే లోకమునకు వాకిలి. నాయనమ్మ చెప్పు కథ, అన్నదమ్ముల కలహము, పండుగనాటి పిలుపు, అన్నియు ఆ భాషలోనే యున్నవి.

కడపట ఉపాధ్యాయులమైన మేము మా వంతు మాట ఇచ్చుచున్నాము. సాయంకాలము నడువలేని బిడ్డను వేషగాడని అనము. ఏ గంటలో ఎట్లున్నదో మేమును వ్రాసియుంచెదము. తల్లిదండ్రులు తమ నోటుపుస్తకము తెచ్చినచో, మా పుస్తకముతో సరిచూచుకొందము. బిడ్డ మనలో ఒక సగము దినము ఇంటిలోను, ఒక సగము దినము బడిలోను గడపును. ఆ రెండు సగములను ఒకచోట చేర్చి వైద్యుని ముందుంచుట మన యిరువురికిని కలిసిన బాధ్యత.