పలకని అయ్యవారి దగ్గర తొలి పాఠం

కర్నూలు: డాక్టరు చదువుకు వెళ్లిన పిల్లవాడు సెలవులకు ఊరికి వస్తే అతని పెట్టె జోలికి పోకపోవడమే మంచిది. బట్టల అడుగున పుర్రె ఉండవచ్చు. పక్కనే తొడ ఎముక, నాలుగైదు వెన్నుపూసలు. పరీక్షల కోసం సీనియర్ల దగ్గర తెచ్చుకున్న ఎముకల సంచి అది. ఈమధ్య ప్లాస్టిక్ ఎముకలూ వస్తున్నాయి గానీ, సంగతి తెలియని అవ్వకు రెండూ ఒకటే. కేక పెట్టి, మనవడికి దిష్టి తీసిందాకా ఊరుకోదు.

డాక్టరు కానీ, నర్సు కానీ, ఫిజియోథెరపీ చేసేవారు కానీ, అందరూ తొలి ఏడాది దాటవలసిన గడప అనాటమీ. అంటే శరీర నిర్మాణ శాస్త్రం. పెద్దవారి ఒంట్లో ఎముకలు 206. పసిబిడ్డకు ఇంతకన్నా ఎక్కువ ఉంటాయి, పెరిగేకొద్దీ కొన్ని అతుక్కుపోతాయి. ఒక్కో చేతిలో మణికట్టుతో కలిపి 27, ఒక్కో పాదంలో 26. అంటే మొత్తంలో సగానికి పైగా చేతుల్లో, పాదాల్లోనే ఉన్నాయన్నమాట. మౌఖిక పరీక్షలో ఎముకను చేతికిచ్చి, 'ఇది కుడిదా, ఎడమదా?' అని అడుగుతారు. అక్కడ చాలామందికి చెమటలు పడతాయి.

తెలుగు మీడియం పిల్లలకు ఇంకో బెంగ. టిబియా, ఫిబులా వంటి పేర్లు నోరు తిరగవు. ఇంగ్లీషు రాకపోవడం వల్లే ఈ అవస్థ అనుకుని కుంగిపోతారు. నిజానికి అవి చాలావరకు లాటిన్, గ్రీకు మాటలు. కాన్వెంటు పిల్లలకూ అవి అంతే కొత్త. ఈ ఒక్క మాట మొదటి వారంలోనే ఎవరైనా చెబితే ఎన్నో రాత్రుల ఏడుపు తప్పుతుంది.

అసలు పరీక్ష కోత గదిలో. వరుసగా బల్లలు, వాటిపై శవాలు. చెడిపోకుండా ఎక్కించిన ఫార్మలిన్ ఘాటుకు కళ్లు మండి నీళ్లు కారతాయి. ఒక్కో బల్ల చుట్టూ ఒక జట్టు. కొందరికి కొన్నాళ్లు మాంసం సహించదు. పుస్తకంలో ధమని ఎర్రగా, సిర నీలంగా, నరం పసుపుగా ఉంటాయి. బల్ల మీద మాత్రం అన్నీ దాదాపు ఒకే రంగు. వేలితో తడిమి, పొర పొర విడదీసి పోల్చుకోవాలి. పైగా ఏ ఇద్దరి ఒళ్లూ అచ్చంగా ఒక్కలా ఉండవు. బొమ్మలో ఇక్కడ చీలిన రక్తనాళం ఈ మనిషిలో మరోచోట చీలి ఉంటుంది. ఇది బొమ్మ నేర్పలేని పాఠం.

ఈ పాఠంతో పల్లెకు పనేమిటి? పిరుదు లోపలినుంచి కాలిలోకి వేలంత లావు నరం దిగుతుంది. సూది దానికి తగిలితే పాదం పైకి లేవక, కాలు ఈడ్చి నడవవలసిన గతి పట్టవచ్చు. అందుకే పిరుదుకు సూది వేసేటప్పుడు పైన, బయటి వైపు భాగంలోనే వెయ్యాలంటారు. అలాగే పసివాడు శనక్కాయ గింజ నములుతూ నవ్వితే అది గాలి గొట్టంలోకి జారవచ్చు. కుడి గొట్టం ఎడమదానికన్నా వెడల్పు, నిటారు కూడా. కాబట్టి గింజ ఎక్కువగా కుడివైపుకే పోతుంది. శనక్కాయ పండే సీమలో వైద్యుడికి ఇది తెలియకపోతే ఎట్లా?

శవాన్ని కోసి నేర్చుకోవడం మన దేశానికి కొత్త కాదు. శవాన్ని ఏడు రాత్రులు ఏటి నీటిలో నానబెట్టి, పొరలు గీకి చూడమని సుశ్రుత సంహిత చెప్పింది. తర్వాత ఆ పద్ధతి మరుగున పడింది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో ఆయుర్వేద పండితుడు మధుసూదన్ గుప్తా మళ్లీ కత్తి పట్టారు.

ఇప్పుడు కళాశాలలకు శవాలు రెండు దారుల్లో వస్తాయి. ఎవరూ రాని అనాథ శవాలు ఒకటి, బతికుండగానే రాసిచ్చినవారివి రెండోది. మన తెలుగువాడైన సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో కన్నుమూసినప్పుడు కుటుంబం ఆయన దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కు ఇచ్చింది.

రాసివ్వడం తేలికే. కష్టమంతా ఆ రోజున. కళాశాలకు కబురు చెయ్యవలసింది ఇంటివారు. వాకిట్లో ఏడుపులు, నిప్పు పెట్టకపోతే ఎట్లా అని నిలదీసే బంధువులు, వీరి మధ్య పెద్దకొడుకు నోరు పెగలదు. ఇంటివారు ఒప్పుకోకపోతే సంతకం ఉన్నా కళాశాలవారు సాధారణంగా బలవంతం చెయ్యరు. పోస్టుమార్టం అయిన దేహాన్ని, అంటురోగంతో పోయినవారి దేహాన్ని మామూలుగా తీసుకోరు. కళ్లు దానం చేసినా దేహాన్ని తీసుకుంటారు. దినకర్మలు చేసుకోవడానికి అడ్డేమీ లేదు. కాబట్టి సంతకం పెట్టేవారు ఆ మాట కొడుకులకు, కూతుళ్లకు ముందే చెప్పి ఒప్పించాలి. చెప్పకుండా పెట్టెలో దాచిన కాగితం ఎవరికీ పనికిరాదు.

వైద్య విద్యార్థులకు 2019లో వచ్చిన పాఠ్య ప్రణాళిక ఆ దేహాన్ని తొలి గురువుగా చూడాలని చెబుతోంది. చాలాచోట్ల కత్తి పట్టేముందు బల్ల దగ్గర నిలబడి ప్రమాణం చేస్తారు. ఆ మనిషి పేరు మాత్రం విద్యార్థులకు చెప్పరు. పొట్టమీద పాత కుట్లు, అరచేతి కాయలు, మడమల పగుళ్లు చూసి, ఎక్కడో చెప్పులు లేకుండా చేను దున్నిన మనిషై ఉంటాడని పల్లె పిల్లలు తమలో తాము అనుకుంటారు.