చలికాలంలో ఎడారి నగరం
(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

ఉస్మాన్‌గంజ్‌లో అడుగు పెట్టిన కొత్తవాణ్ణి మొదట పలకరించేది తుమ్ము. ఎండుమిర్చి ఘాటు, పసుపు దుమ్ము, ధనియాల వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకెక్కుతాయి. బస్తా వీపున వేసుకుని వచ్చే హమాలీకి దారి ఇవ్వడం నేర్చుకుంటే గానీ ఆ సందుల్లో నడవలేం. ఏడాదిగా నేను రోజూ సాయంత్రం అక్కడ ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు వ్రాస్తున్నాను. నా మెస్ బిల్లు దానితోనే తీరుతోంది. మాది పాలమూరు జిల్లాలో ఒక పల్లె. మిరప, జొన్న, నీళ్ళుంటే కొంత వరి మా పంటలు.

ఒకనాడు జీలకర్ర గోతాలు దిగుతుంటే "ఇది ఎక్కణ్ణుంచి వస్తుంది, సేఠ్ సాబ్?" అని అడిగాను. "మా మార్వాడ్ నుంచి" అన్నారాయన. మూడు తరాల క్రితం జోధ్‌పూర్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబం వారిది. "ఎడారిలో జీలకర్ర ఎట్ల పండుతది?" అంటే నవ్వి, "చలికాలంలో పోయి చూడు బేటా, నీకే తెలుస్తది. ఎండాకాలం మాత్రం పోకు" అన్నారు.

ఆ మాట అంతటితో మరచిపోయేవాణ్ణే. కాని నవంబరులో ఇంటికి వెళితే మా రెండో బోరు కూడా ఎండిపోయి ఉంది. మూడోది వేయడానికి అప్పు చేయాలా వద్దా అని నాయన తర్జనభర్జన పడుతున్నాడు. "సైన్సు చదువుతున్నవు గద, నువ్వే చెప్పు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా వైపు ఏటా సుమారు 600 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జోధ్‌పూర్‌లో పడేది సుమారు 360. అంత తక్కువ వానతో ఒక నగరం అయిదున్నర శతాబ్దాలకు పైగా ఎట్లా నిలిచింది? మిరప కోతకు ఇంకా సమయముంది, కాలేజీకి సెలవులొచ్చాయి. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి రైలుంది. జీతంలో మిగుల్చుకున్న డబ్బుతో, డిసెంబరు చివరి వారంలో, ఒక మిత్రుడితో కలిసి బయలుదేరాను. రెండు రాత్రులు రైల్లోనే గడిచాయి.

చలి ఎందుకంత?

ఎడారి అంటే వేడి అనే మనందరి ఊహ. ఆ ఊహతోనే నేను పలుచటి దుప్పటి ఒక్కటి తీసుకెళ్ళి, మొదటి రాత్రే దాని ఫలితం అనుభవించాను. డిసెంబరు, జనవరి నెలల్లో జోధ్‌పూర్‌లో పగలు సుమారు 25 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే, తెల్లవారుజామున అది 10 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. మే నెల పగళ్ళలో 40 దాటుతుంది. కాబట్టి నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే అక్కడ హాయిగా తిరగడానికి వీలు.

దీనికి కారణం మన పల్లెల్లో తెలియనిది కాదు. మిరపకాయలు కల్లంలో ఆరబోసినప్పుడు, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి చలి ఎక్కువ, మబ్బు పట్టిన రాత్రి ఉక్కపోత అని నాయన అంటుంటాడు. పగలంతా ఎండను పీల్చుకున్న నేల రాత్రి ఆ వేడిని కంటికి కనబడని కిరణాల రూపంలో పైకి వదులుతుంది. గాలిలోని నీటి ఆవిరి, మబ్బులు ఆ కిరణాలను పట్టి, కొంత వేడిని తిరిగి నేలకే పంపుతాయి. అదే మనకు రాత్రిపూట దుప్పటి. ఎడారి గాలిలో తేమ తక్కువ, మబ్బులూ తక్కువ. దుప్పటి పలుచబడింది కనుక వేడి ఆకాశంలోకి వెళ్ళిపోతుంది. దానికి తోడు పొడి ఇసుక రేణువుల నడుమ గాలి నిండి ఉంటుంది. అందువల్ల ఎండ వేడి లోతుకు దిగదు, పైపొరలోనే ఉంటుంది. త్వరగా కాగేది త్వరగానే చల్లారుతుంది.

సేఠ్ గారి జీలకర్ర రహస్యం కూడా ఇందులోనే ఉంది. జీలకర్రకు చల్లని, పొడి వాతావరణం కావాలి. నవంబరులో విత్తి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోస్తారు. మబ్బులు కమ్మి తేమ పెరిగితే తెగులు పడుతుంది. ఊరి బయట చేలల్లో సోపుమొక్కల్లా సన్నని ఆకులతో జానెడు ఎత్తున పెరుగుతున్న పైరును చూసి, మన పోపుగింజలు పుట్టేది ఇక్కడా అనుకున్నాను. చలికాలంలో అప్పుడప్పుడు పడమటి నుంచి వచ్చే చిన్న వానను అక్కడివారు మావఠ్ అంటారు. ఆవాల రైతు దానికి సంతోషిస్తే, జీలకర్ర రైతు భయపడతాడట.

కోట కింది నీళ్ళు

రావ్ జోధా 1459లో ఈ నగరాన్ని స్థాపించాడు. మెహ్రాన్‌గఢ్ కోట ఊరికి నాలుగు వందల అడుగుల ఎత్తున నిటారైన రాతిగుట్ట మీద ఉంది. పైనుంచి చూస్తే పాత ఊరి ఇళ్ళు నీలంగా కనిపిస్తాయి. సున్నంలో నీలి కలిపి వేయడం వల్ల ఇళ్ళు చల్లగా ఉంటాయని చాలామంది చెప్పారు. ఫిజిక్సు విద్యార్థిగా నాకొక సందేహం. తెలుపు నీలం కంటే ఎక్కువ వెలుతురును తిప్పికొడుతుంది గదా. కాబట్టి చలువ సున్నానిదీ, మందమైన రాతిగోడలదీ, ఎండ చొరని ఇరుకు సందులదీ అయి ఉండాలి. నీలిది అందం.

కోటలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది కత్తులూ పల్లకీలూ కావు, గుట్ట పాదాన ఉన్న రాణీసర్, పదమ్‌సర్ చెరువులు. గుట్ట మీద పడిన వాన వృథా పోకుండా వాటిలోకి దిగుతుంది. ఊరి నడుమ తూర్‌జీ కా ఝాల్రా అనే మెట్లబావి ఉంది. 1740లలో మహారాజా అభయ్ సింగ్ రాణి త్రవ్వించినది. నీళ్ళు ఎంత దిగితే మనిషీ అన్ని మెట్లు దిగి ముంచుకోవాలి. ఏ ఏడు ఎన్ని మెట్లు బయటపడ్డాయో ఊరందరికీ కళ్ళముందే కనిపిస్తుంది. మన బోరులో నీరు ఎక్కడుందో ఎవరికీ కనబడదు, మోటారు గాలి పీల్చినప్పుడే తెలుస్తుంది. ఈ తేడా నాకు అక్కడి మెట్ల మీద కూర్చున్నప్పుడు తోచింది. మన సికిందరాబాదు బన్సీలాల్‌పేటలోనూ చెత్తతో పూడిన మెట్లబావిని బాగుచేసి 2022లో తిరిగి తెరిచారు. చూడనివారు చూడవలసినది.

పల్లెల్లో ఇంటింటికీ టాంకా అనే నేలతొట్టి ఉంటుంది. దీని లెక్క చాలా సులువు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వంద చదరపు మీటర్ల డాబా మీద 360 మిల్లీమీటర్లు పడితే 36,000 లీటర్లు. అయిదో వంతు ఆవిరికీ, దుమ్ముకూ పోయినా సుమారు 29,000 మిగులుతుంది. ఆరుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకూ మనిషికి పది లీటర్ల చొప్పున ఏడాదికి 21,900 లీటర్లు చాలు. ఈ లెక్క టికెట్టు వెనుక వేసి, తప్పేమోనని రెండుసార్లు సరిచూశాను. ఎడారిలోనే ఒక డాబా ఒక ఇంటి దాహం తీర్చగలిగితే, 600 మిల్లీమీటర్లు పడే మా ఇంటి డాబా నీళ్ళు ఏటా వీధి కాలువలోకే పోతున్నాయి.

దీనికి ఇంకో ముఖం కూడా ఉంది. పంజాబులో సట్లెజ్, బియాస్ నదులు కలిసే హరికే దగ్గర మొదలయ్యే ఇందిరాగాంధీ కాలువ నీరు 1990లలో జోధ్‌పూర్‌కు చేరింది. కుళాయి వచ్చాక మెట్లబావుల్లో నీళ్ళు తోడటం మానేశారు. భూగర్భజలం పైకి లేచి, పాత ఊరిలో కొన్ని నేలమాళిగల్లోకి నీరు ఊరడం మొదలైంది. ఎడారిలో నేలమాళిగ నుంచి నీళ్ళు ఎత్తిపోసుకోవలసి రావడం విచిత్రం కాదా! ఎక్కువ తోడితే మాకు కష్టం, అసలు తోడకపోతే వారికి కష్టం.

జమ్మిచెట్టు

ఊరికి సుమారు ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలో ఖేజడ్లీ అనే పల్లె ఉంది. దారి పొడుగునా చేల నడుమ నిలిచిన చెట్లను చూసి, "ఇది మన జమ్మి గదరా!" అని నా మిత్రుడు కేకవేశాడు. నిజమే. దసరానాడు మనం ఆకును బంగారమని చేతుల్లో పెట్టి పెద్దల కాళ్ళు మొక్కే జమ్మినే అక్కడ ఖేజ్డీ అంటారు. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఇదొక్కటే. దీని వేరు చాలా లోతుకు దిగుతుంది, వేళ్ళ బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తాయి, అందుకే దీని నీడలోనే సజ్జ వేస్తారు. ఆకు మేకలకు, లేతకాయ కూరకు. మనం ఏటా ఒకరోజు మొక్కి మరచిపోయే చెట్టు అక్కడ ఏడాదంతా అన్నం పెడుతోంది.

1730లో రాజభవనానికి సున్నం కాల్చడానికి కట్టెలు కావాలని అభయ్ సింగ్ మనుషులు ఈ ఊరికి వచ్చారు. అమృతాదేవి అనే బిష్ణోయి స్త్రీ చెట్టును కౌగిలించుకుని ప్రాణమిచ్చింది. ఆమె వెంట మొత్తం 363 మంది ప్రాణాలు అర్పించారు. రాణి బావి త్రవ్వించిన కాలానికి కాస్త ముందే రాజు మనుషులు చేసిన పని ఇది. అక్కడ నిలబడితే నాకు మన అఫ్జల్‌గంజ్ గుర్తుకొచ్చింది. 1908 సెప్టెంబరు మూసీ వరదలో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కొమ్మలెక్కి సుమారు 150 మంది బ్రతికారు. ఉస్మాన్‌గంజ్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఆ చెట్టు ఉంది. ఒకచోట చెట్టు మనుషులను కాపాడింది, ఇంకోచోట మనుషులు చెట్టును కాపాడారు.

తిరిగి వచ్చాక

ఊరికి వెళ్ళి నాయనకు చెరువులూ, మెట్లబావీ, డాబా లెక్కా ఉత్సాహంగా చెప్పాను. ఆయన అంతా విని ఒక్కటే అడిగాడు: "ఆడ వరి పెడ్తున్నరా?"

నా ఉపన్యాసం అక్కడ ఆగిపోయింది. వాళ్ళు వానను నమ్మి వేసేది సజ్జ, పెసర, మోఠ్. 360 మిల్లీమీటర్లకు తగ్గ పంటలవి. వరికి పంటకు 1,000 నుంచి 1,500 మిల్లీమీటర్ల నీరు కావాలి. మా ఎకరం మీద ఏడాదంతా పడేదే 600, అంటే సుమారు 24 లక్షల లీటర్లు. మిగతాదంతా భూమి లోపలి నుంచి రావలసిందే. నేను రెండు రాత్రులు ప్రయాణం చేసి తెలుసుకున్నది ఆయన ఒక్క ప్రశ్నలో తేల్చాడు. ఎడారివారికి మనకంటే ఎక్కువ తెలివి ఉందని కాదు. ఉన్న నీటిని ముందు లెక్క చూసుకుని, తరువాత విత్తనం తీస్తారు. మనం ముందు విత్తనం తీసి, తరువాత బోరు బండిని పిలుస్తాం.

నాయన ఇంతవరకు మూడో బోరు మాట ఎత్తలేదు. చేను దిగువ మూలలో గుంట త్రవ్వుదామని, వరిమడిలో ఈసారి కొంత జొన్న వేద్దామని అంటున్నాడు. ఆ గుంట నిండుతుందో లేదో వచ్చే వానకాలం చెప్పాలి.

ఉస్మాన్‌గంజ్‌లో మళ్ళీ లెక్కలు వ్రాస్తున్నాను. జీలకర్ర గోతం విప్పినప్పుడల్లా ఆ చలి గుర్తుకొస్తుంది. జోధ్‌పూర్ చూడదలచిన మిత్రులకు నా సలహా ఒక్కటే. సంక్రాంతికి ముందో వెనుకో వెళ్ళండి, మందమైన దుప్పటి తీసుకెళ్ళండి. కోట చూసి తిరిగి వచ్చేయకుండా, కిందనున్న బావి మెట్లు కూడా దిగి రండి.