కోలారు గని లోతుల్లో న్యూట్రినో యంత్రం

1897లో జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ను కనుగొనడంతో పరమాణువు అవిభాజ్యమన్న భావన తొలగిపోయింది. 1911లో రూథర్‌ఫర్డ్ దాని నడుమ కేంద్రకం ఉన్నదని చూపడంతోనూ, 1932లో చాడ్విక్ ఆ కేంద్రకంలోని న్యూట్రాన్‌ను గుర్తించడంతోనూ పరమాణు నిర్మాణం స్థూలంగా తేటతెల్లమైంది. అయితే బీటా క్షయంలో, అనగా కేంద్రకం ఎలక్ట్రాన్‌ను వెలువరించే చర్యలో, కొంత శక్తి లెక్కకు అందకుండా పోతుండడం గమనించి, విద్యుదావేశం లేని, దాదాపు బరువే లేని మరొక కణం ఆ శక్తిని వెంటబెట్టుకుపోతున్నదని 1930లో పౌలి ఊహించాడు. న్యూట్రినో అనే ఈ కణపు జాడను 1956లో రైన్స్, కోవన్ ఒక అణు రియాక్టరు వద్ద పట్టుకున్నారు. రియాక్టరులో కాక వాతావరణంలో సహజంగా పుట్టే న్యూట్రినోల జాడను మొదటగా పసిగట్టిన యంత్రాలలో ఒకటి మాత్రం చిత్తూరు జిల్లా సరిహద్దుకు చేరువలో, తెలుగు మాట నిత్యం వినబడే కోలారు బంగారు గనుల్లో నడిచింది.

అంత లోతుకు దిగవలసిన అవసరం విశ్వకిరణాల వల్ల కలిగింది. అంతరిక్షం నుంచి వచ్చే ఈ కిరణాలు వాతావరణాన్ని ఢీకొన్నప్పుడు మ్యూయాన్లు, అనగా ఎలక్ట్రాన్ కంటే రెండువందల రెట్లకు పైగా బరువైన కణాలు, న్యూట్రినోలతో పాటే పుట్టుకొస్తాయి. భూమి ఉపరితలంపై ప్రతి చదరపు సెంటీమీటరుకు నిమిషానికి ఇంచుమించు ఒక మ్యూయాన్ పడుతుంటుంది కనుక, ఆ జడివానలో న్యూట్రినో జాడ కనిపెట్టడం అసాధ్యం. రాతిపొర మందం పెరిగేకొద్దీ మ్యూయాన్లు ఆగిపోతాయి. న్యూట్రినోలకు ఆ రాయి అడ్డే కాదు.

టాటా మౌలిక పరిశోధన సంస్థకు చెందిన బి.వి. శ్రీకంఠన్ 1950ల తొలినాళ్ళలోనే ఈ గనుల్లో వేర్వేరు లోతుల వద్ద మ్యూయాన్లను కొలవడం ఆరంభించారు. 1960ల మొదట్లో జపానుకు చెందిన మియాకేతో కలిసి వి.ఎస్. నరసింహం, పి.వి. రమణమూర్తి ఆ కొలతలను రెండున్నర కిలోమీటర్లకు మించిన లోతుకు తీసుకువెళ్ళగా, దాదాపు రెండు నెలలు వేచి ఉన్నా అక్కడ ఒక్క మ్యూయాన్ కూడా నమోదు కాలేదు. ఈ కథలో అసలైన మలుపు ఆ సున్నాయే: గనిలో అంతటి నిశ్శబ్దం ఉన్నదని తేలింది కాబట్టే, అందులో వినబడే ఏ అలికిడినైనా న్యూట్రినోకు ఆపాదించే అవకాశం ఏర్పడింది.

యంత్రపు ఆకృతిని కూడా ఆ తర్కమే నిర్ణయించింది. రాతిని దాటుకొని రాగల అరుదైన మ్యూయాన్లు తక్కువ రాయి ఉన్న దారిన, అంటే దాదాపు నెత్తిమీదుగానే రావాలి. న్యూట్రినోలు భూగోళాన్నే దాటగలవు కనుక వాటి వల్ల చుట్టుపక్కల రాతిలో పుట్టే మ్యూయాన్లు అడ్డంగానూ రావచ్చు. అందువల్ల ఉపరితలంపై బల్లపరుపుగా పరిచే పరికరాలను ఇక్కడ గోడల్లా నిలువుగా నిలిపారు. కణం తగలగానే మినుకుమనే ప్లాస్టిక్ సింటిలేటర్లు రెండు వైపులా నిలబడగా, వాటి నడుమ సీసపు పొరలు, నియాన్ వాయువు నింపిన సన్నని గాజు గొట్టాల వరుసలు అమరాయి. రెండు గోడలూ ఒకేసారి మినుకుమంటే అధిక వోల్టేజీ తాకిడికి, కణం దాటిన గొట్టాలు మాత్రమే వెలిగేవి. కెమెరా ఆ వెలుగుల వరుసను చిత్రించేది. ఈ సామగ్రినంతా గని నూతి గుండానే 2.3 కిలోమీటర్ల లోతుకు దించి, రాతి వేడిమి నడుమ పనిచేయించవలసి వచ్చింది. టాటా సంస్థ, ఒసాకా నగర విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్‌హామ్ విశ్వవిద్యాలయం కలిసి సాగించిన ఈ కృషికి ఎం.జి.కె. మీనన్ అండగా నిలిచారు.

దక్షిణాఫ్రికాలోని ఒక బంగారు గనిలో రైన్స్ బృందం ఇదే వేటలో ఉండి, తొలి సంఘటనను 1965 ఫిబ్రవరి 23న నమోదు చేసింది. కోలారు బృందం ఫలితం మాత్రం ఆగస్టు 15న, రైన్స్ వ్యాసం కంటే రెండు వారాల ముందు అచ్చయింది. ముందెవరన్న వాదన కంటే, రెండు ఖండాల్లో రెండు స్వతంత్ర యంత్రాలు ఒకే సాక్ష్యం చెప్పడమే విజ్ఞానానికి ఎక్కువ విలువైనది.

1980లో అదే గనిలో 140 టన్నుల మరో యంత్రం ప్రోటాన్ క్షయాన్ని, అంటే కేంద్రకంలోని ప్రోటాన్ తనంతట తాను విచ్ఛిన్నమయ్యే అవకాశాన్ని వెదికింది. ఇనుప పలకల నడుమ కణాలను పసిగట్టే గొట్టాలను పొరలుగా పేర్చిన ఆ యంత్రంలో కొన్ని సంఘటనలు ఆశ కల్పించినా, అమెరికా, జపానుల్లోని పెద్ద పరికరాలు వాటిని ధ్రువపరచలేదు. గని ఆర్థికంగా చితికిపోవడంతో 1990ల తొలినాళ్ళలో ప్రయోగాలు ఆగాయి. 1998లో జపానులోని సూపర్ కామియోకాండే యంత్రం, వాతావరణ న్యూట్రినోలు దారిలోనే ఒక రకం నుంచి మరో రకానికి మారతాయని చూపింది. ఆ మార్పును భారతదేశంలోనే పరిశీలించేందుకు తమిళనాడులోని బోడి కొండల్లో 50,000 టన్నుల అయస్కాంతీకృత ఇనుప యంత్రాన్ని ప్రతిపాదించినా, అనుమతుల చిక్కులు, స్థానికుల అభ్యంతరాల నడుమ అది ముందుకు సాగలేదు.